ముల్లు వైపు నుంచి మొదలుపెట్టండి

అందరికీ నమస్కారం. గాలపు వేటకు చవక సామాను మేలా, ఖరీదైన సామాను మేలా అన్న ప్రశ్న మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఐటీఐలో ముప్పై ఏళ్లపాటు ఫిట్టరు ట్రేడు పాఠాలు చెప్పి, ఆదివారాలు ధవళేశ్వరం దిగువనా, తక్కిన సాయంత్రాలు కాలువ గట్ల మీదా గాలం వేసుకుంటూ గడిపినవాణ్ణి నేను. పదవీ విరమణ చేశాక మిత్రుల రీళ్లు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించి ఇవ్వడం నాకు వ్యసనమైంది. అందువల్ల మీరు దుకాణంలో అద్దాల వెనక చూసే సామానును నేను విరిగిన, తెగిన, అరిగిన స్థితిలో నా బల్ల మీద చూస్తుంటాను. ఈ రోజు చెప్పబోయేది ఆ బల్ల మీద నేర్చుకున్నదే.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను, తరువాత దానికి కారణాలు చెబుతాను. చేప నోటికీ మన చేతికీ మధ్య ఒక గొలుసు ఉంది. ముల్లు, ముడి, దారం, కర్ర, రీలు అనే వరసలో బలం ఒకదాని నుంచి ఇంకొకదానికి అందుతుంది. డబ్బు పెట్టవలసింది కూడా ఆ వరసలోనే, చేప నోటి వైపు నుంచి మొదలుపెట్టి చేతి వైపు రావాలి. మనం మాత్రం దుకాణంలో అడుగుపెట్టగానే మెరిసే రీలు దగ్గర ఆగిపోతాం. దాని మీద పర్సు ఖాళీ అయ్యాక, మిగిలిన చిల్లరతో కర్ర, ఇంకా మిగిలితే దారం కొని, ముళ్లు మాత్రం కిరాణా కొట్టులో పది రూపాయల పొట్లం తెచ్చుకుంటాం. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గాని, పుస్తెలమ్మి రీలు కొనమని మన గోదావరి పెద్దలెవరూ చెప్పలేదు. అన్నట్టు, నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకు తినే ఆ పులస మన ఎర వైపు చూడదు, అది వలలకే పడుతుంది. కాబట్టి ఎంత ఖరీదు పెట్టి కొన్న గాలమైనా దాని విషయంలో మనకు అక్కరకు రాదు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. కొన్నేళ్ల క్రితం పద్నాలుగు వేలు పెట్టి ఒక రీలు కొన్నాను. కొన్న వారానికే, పొద్దు వాలే వేళ, బతికున్న పరకను ఎరగా గుచ్చి వేస్తే ఒక వాలుగ పట్టింది. రీలు చక్కగా దారం వదిలింది, కర్ర చక్కగా వంగింది, పది నిమిషాలు గట్టు మీద అందరూ నా చుట్టూ మూగారు. అంతలో దారం ఒక్కసారిగా తేలికైంది. లాగి చూస్తే ముల్లు తెగలేదు, విరగలేదు, వంపు మొత్తం పోయి గుండుసూదిలా నిటారుగా తిరిగి వచ్చింది. పక్కనే వెదురు కర్రకు జీలుగ బెండు కట్టి జెల్లలు పడుతున్న పెద్దాయన ఆ ముల్లును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, "రీలు సరే మాస్టారూ, ముల్లు చూసుకున్నారా?" అన్నాడు. తరువాత తన డబ్బాలోంచి ఒక ముల్లు తీసి, దాని మొనను తన బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా జరిపాడు. మొన జారకుండా గోటిలో దిగి ఆగింది. నా పొట్లంలోని ముల్లుతో అదే పని చేస్తే అది గోరు మీద గీత కూడా పెట్టకుండా జారిపోయింది. ఆ ఒక్క పరీక్ష ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. మీరూ దుకాణంలోనే చేయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

ముల్లు విషయంలో చవకకూ ఖరీదుకూ తేడా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది ఉక్కు. హై కార్బన్ ఉక్కుతో చేసి సరిగా గట్టిపరచిన ముల్లు కొంచెం వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. గట్టిపరచడం తక్కువైతే నా ముల్లులా సాగిపోతుంది, ఎక్కువైతే పుటుక్కున విరుగుతుంది. రెండవది మొన. మంచి ముళ్లకు రసాయనంతో పదును పెడతారు, చవక ముళ్లకు గ్రైండింగ్ చక్రం మీద పెట్టి వదిలేస్తారు. నార్వేకు చెందిన ముస్టాడ్ వంటి సంస్థలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ముళ్లు చేస్తున్నాయి. అటువంటి పేరున్న ముల్లు కొన్నా ఒక్కోదానికి కొద్ది రూపాయలే అవుతుంది. అంటే ప్రపంచంలో మేలైనదాన్ని సామాన్యుడు కొనగలిగిన వస్తువు మన సామాను పెట్టెలో ఇదొక్కటే. సరిగ్గా అక్కడే మనం పొదుపు చేస్తున్నాం.

ఇక్కడ మీకు ఒక చిన్న ప్రయోగం చూపిస్తాను. ఈ కిటికీ ఊచకు ఒక స్ప్రింగు కాటా కట్టాను. కాటా కొక్కేనికి ఈ దారం ముడివేశాను. ఎనిమిదడుగుల కర్ర పట్టుకుని ముందు వరసలోని తమ్ముడు ఒకసారి రావాలి. రీలు బిగించి ఉంచాను, కర్రను పైకెత్తి బలంకొద్దీ లాగు నాయనా. ఇంకా లాగు. కర్ర విల్లులా వంగింది, మణికట్టు వణుకుతోంది, మొహం ఎర్రబడింది. కాటా ఎంత చూపిస్తోందో దగ్గర ఉన్నవారు చదివి చెప్పండి. రెండు కిలోలకు కాస్త తక్కువ. అనుమానమున్నవారు సభ ముగిశాక వచ్చి తమ బలం చూసుకోవచ్చు.

ఇందులో మాయ ఏమీ లేదు, మీటల లెక్క మాత్రమే. చేతి దగ్గర నుంచి కర్ర కొన దాకా 2.1 మీటర్లు, చేతి నుంచి పొట్టకు ఆనించిన మొదలు దాకా 30 సెంటీమీటర్లు అనుకుంటే, కొన దగ్గర 2 కిలోల బరువుకు మొదలు దగ్గర 14 కిలోల ఒత్తిడి పడుతుంది. కర్ర వంగడం వల్ల ఆ లెక్క కొంత తగ్గినా, కర్ర అనే మీట చేపకు అనుకూలమైనదే గాని మనకు కాదు. పైగా నీటిలో ఉన్న చేపకు దాదాపు బరువుండదు, లోపలి గాలితిత్తి దాన్ని తేలికగా నిలబెడుతుంది. అందువల్ల మనం తట్టుకోవలసింది దాని బరువును కాదు, తోకతో అది చేసే తోపును. మనం రెండు కిలోలు మించి లాగలేనప్పుడు, 20 కిలోలు ఆగుతుందని చెప్పి అమ్మే లావుపాటి దారం కాలువలో శీలావతికీ బొచ్చెకూ ఎందుకో ఆలోచించండి. లావు దారాన్ని చేప గుర్తుపడుతుంది, గాలి లాగేస్తుంది, ఎర దూరం వెళ్లదు. ఆరు కిలోల మంచి నైలాన్ దారం, అంటే మన టంగుసు, ఇక్కడి వేటలో నూటికి తొంభై సందర్భాలకు చాలు.

అయితే ఆ ఆరు కిలోలు నిజంగా ఆరేనా అన్నది అసలు ప్రశ్న. నా దగ్గర పాత స్క్రూగేజీ ఒకటి ఉంది. ఒక చవక దారం రీలు మీద 0.30 మిల్లీమీటర్లు అని అచ్చువేసి ఉంటే, నాలుగు చోట్ల కొలిచాను, 0.36 వచ్చింది. ఆ కంపెనీ పేరు చెప్పను, అటువంటివి చాలా ఉన్నాయి. దారం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.36ను 0.30తో భాగించి వర్గం చేస్తే 1.44 వస్తుంది. అంటే దాదాపు సగం పదార్థం అదనంగా పోసి, 'సన్నటి దారంలో అద్భుతమైన బలం' అని అమ్ముతున్నారన్నమాట. ఖరీదైన దారానికి మనం చెల్లించే అదనపు డబ్బులో ఎక్కువ భాగం ఈ నిజాయితీకీ, దారం పొడవునా ఒకే మందం ఉండటానికీ చెల్లిస్తున్నదే. మందం ఎక్కడ తగ్గితే దారం అక్కడే తెగుతుంది.

నైలాన్ దారం మన వేటకు వచ్చి ఇంకా నూరేళ్లు కాలేదు. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1938లో నైలాన్‌ను ప్రకటించి, మరుసటి ఏడాదే దానితో గాలపు దారం తీసుకొచ్చింది. అంతకుముందు నారతోనూ, పట్టుతోనూ, గుర్రపు వెంట్రుకలతోనూ కుస్తీ పట్టారు. నైలాన్‌కు రెండు శత్రువులు ఉన్నాయి. అది నీటిని పీల్చుకుని కొంత బలం కోల్పోతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మెల్లగా పెళుసవుతుంది. స్కూటరు మీద, గోడ మేకుకు, ఎండ తగిలేచోట రీలును వేలాడదీసే అలవాటున్నవారు ఎంత ఖరీదైన దారం కొన్నా ఒక వేసవితో సరి. మంచి దారం కొని ఎండలో పెట్టడం కంటే మధ్యరకం దారం కొని ఏటా మార్చడం మేలని నా లెక్క.

ముడి గురించి ఒక్క మాట. దీనికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి దుకాణంలో ఎవరూ చెప్పరు. మామూలుగా ఒక్క మెలిక తిప్పి బిగించే ముడి దారం బలాన్ని సగం దాకా తగ్గించేస్తుంది. దారాన్ని దాని చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొనను వెనక్కి దూర్చి, ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించిన ముడి చాలావరకు బలాన్ని నిలుపుతుంది. తడపకపోతే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది. ఉమ్మి అన్నాను కదా అని, దారానికి బరువుగా పెట్టే సీసం గుండును కూడా పళ్లతో నొక్కి బిగించేవారిని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని మానండి, పిల్లల చేత అసలే చేయించకండి. సీసం విషమనే ఇంగ్లండులో 1987 నుంచి చిన్న సీసం గుళ్లను గాలపు వేటలో నిషేధించారు, అక్కడ వాటిని మింగి హంసలు చనిపోయేవి. పట్టకారు యాభై రూపాయలకు వస్తుంది.

ఖరీదైన దారం నిజంగా అవసరమైన సందర్భం కూడా ఉంది, అది కొరమేను. గుర్రపు డెక్క, తామరాకుల మధ్య రబ్బరు కప్పను గెంతిస్తూ వేట చేసేటప్పుడు, చేప పట్టిన క్షణంలోనే దాన్ని ఆకుల్లోంచి బయటికి లాగకపోతే అది కాడలకు చుట్టుకుని పోతుంది. నైలాన్ తెగేలోపు బాగా సాగుతుంది, ఆ సాగుడులోనే కొరమేను జారుకుంటుంది. పాలిథిలిన్ పోగులతో అల్లిన బ్రెయిడ్ దారం దాదాపు సాగదు, అదే మందంలో నైలాన్ కంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. అక్కడ 40 పౌండ్ల బ్రెయిడ్ కొనండి, చవకరకం కొనకండి, ఎందుకంటే చవక బ్రెయిడ్ రంగు పోయి, పోగులు లేచి, నాలుగు వారాల్లో పీచవుతుంది. అదే బ్రెయిడ్‌ను ధవళేశ్వరం రాళ్ల మీద వాడితే మాత్రం రాపిడికి నైలాన్ కంటే ముందే తెగుతుంది. వేళ్లకు చుట్టుకుని లాగారంటే వేళ్లను కూడా కోస్తుంది.

ఇక కర్ర. వెదురుతో మొదలైన ఈ కథ రెండో ప్రపంచయుద్ధం తరువాత ఫైబర్‌గ్లాసుకు, 1970ల్లో కార్బన్‌కు చేరింది. ఫైబర్‌గ్లాసు బరువు, నెమ్మది, కాని మొండిది. ఆటోలో వేసినా, పిల్లలు తొక్కినా బతుకుతుంది. కార్బన్ తేలిక, సున్నితం, చేప ఎరను ముట్టుకున్న సంగతి వేలికి తెలుస్తుంది, కాని ఒక రాయి తగిలి గీత పడితే ఎప్పుడో ఒకనాడు ఆ గీత దగ్గరే విరుగుతుంది. రోజూ గట్టుకు వెళ్లే మనిషికి రెండూ కలిపిన మధ్యరకం కర్ర చాలని నేననుకుంటాను. కొనేటప్పుడు కర్ర రంగు చూడకండి, రింగులు చూడండి. జేబులో కొంచెం దూది తీసుకెళ్లి ప్రతి రింగులోనూ తిప్పి లాగండి. ఎక్కడైనా పోగు చిక్కుకుందంటే ఆ రింగులోని పింగాణీ పగిలి ఉన్నట్టే, అది మీ కొత్త దారాన్ని కత్తిలా కోస్తుంది. మూడు వేల కర్రలో పగిలిన రింగును, తొమ్మిది వందల కర్రలో నున్నటి రింగులను నేను చూశాను.

కార్బన్ కర్రల విషయంలో మరొకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కార్బన్ విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. మన కాలువ గట్ల వెంట, చేపల చెరువుల గట్ల వెంట 11 కేవీ తీగలు పోతుంటాయి. ఆరేడు మీటర్ల మడత కర్రను నిలబెట్టి గట్టు మీద నడిచేవారు పైకి చూడరు, నీళ్లనే చూస్తారు. తీగను తాకనక్కరలేదు, బాగా దగ్గరికి వెళ్లినా ప్రమాదమే. ఏ కర్ర కొన్నా, గాలం వేసే చోటు ఎంచుకునేముందు ఒకసారి తల పైకెత్తి చూడండి.

రీలు దగ్గరికి వచ్చాం. మనం వాడే ఈ కదలని చక్రపు రీలుకు తొలి రూపం 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే ఉన్ని మిల్లుల యజమాని పేటెంటు చేసిందే. మిల్లులో కండె కొన మీది నుంచి నూలు జారిపోయే తీరే ఈ రీలులోనూ ఉంది, కండె తిరగనక్కరలేదు, దారం తానే జారుతుంది. ఇంత చిన్న ఆలోచన మీద ఈ రోజు పదుల వేల రూపాయల యంత్రాలు తయారవుతున్నాయి. వాటిలో ఏముందో నేను విప్పి చూశాను కాబట్టి చెబుతాను. పళ్లచక్రాలు మరలో కోసినవి, చవక రీళ్లలో జింకు మిశ్రమం పోతపోసినవి. శరీరం అల్యూమినియం లేదా మెగ్నీషియం, చవకలో ప్లాస్టిక్కు. బేరింగులు ఉప్పునీటికి తట్టుకునేవి, చవకలో మామూలువి. ఇవన్నీ నిజమైన తేడాలే. పండుగప్ప కోసం వారానికి నాలుగు రోజులు ఉప్పుటేరు మొగల్లో నిలబడి రోజుకు ఐదొందల సార్లు విసిరేవారికి ఆ తేడాల విలువ ఏడాదిలోనే తిరిగి వస్తుంది. ఆదివారం రెండు గంటలు పిండిముద్ద వేసి కూర్చునే మనకు ఆ పళ్లచక్రాలు అరిగేసరికి మనుమలు పెద్దవాళ్లవుతారు.

పెట్టె మీద బేరింగుల లెక్క చూసి మోసపోకండి. పది ప్లస్ ఒకటి అని పెద్ద అక్షరాలతో రాసిన ఒక రీలును విప్పితే, అందులో సగం బేరింగులు బరువు పడని చోట్ల, పిడి గుబ్బలో, దారం జారే చిన్న చక్రం దగ్గర అలంకారానికి కూర్చున్నాయి. పినియన్‌కు, అంటే లోపలి చిన్న పళ్లచక్రానికి, రెండు వైపులా ఉండవలసిన రెండిట్లో ఒకటి లేదు. నాలుగు మంచి బేరింగులు సరైన చోట ఉన్న రీలు దానికంటే ఎంతో నయం.

రీలులో మీరు నిజంగా డబ్బు పెట్టవలసింది డ్రాగ్ అనే ఒక్క భాగానికే, అంటే దారం తెగకుండా చేప లాగినప్పుడు కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటుకు. దాని పరీక్ష కూడా దుకాణంలోనే జరగాలి. డ్రాగ్‌ను కొంచెం బిగించి, దారం కొనను పట్టుకుని చాలా మెల్లగా లాగండి. దారం మెత్తగా, నెయ్యిలో వేలు పెట్టి తీసినట్టు కదలాలి. ఆగి, గక్కుమని వదిలి, మళ్లీ ఆగితే ఆ రీలు ఎంత అందంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి. కదలడం మొదలుపెట్టే ఆ గక్కు దగ్గరే పెద్ద చేపలు దారం తెంపుకుపోతాయి. ఇంటికి తెచ్చాక దారం బలంలో మూడో వంతుకు మించకుండా బిగించాలి, ఆరు కిలోల దారానికి రెండు కిలోలు. ఇందాక ఆ తమ్ముడు లాగినది కూడా అంతే కదా. వేట అయ్యాక డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి ఫెల్టు పళ్లేలు అణగారిపోతాయి. పన్నెండు వందల రీలును మంచినీటితో తుడిచి, ఏడాదికొకసారి గ్రీజు పెట్టినవారి దగ్గర ఎనిమిదేళ్లుగా పనిచేస్తుండగా, పదివేల రీలును ఉప్పునీటి తడితోనే సంచిలో వేసినవారు మరుసటి వర్షాకాలానికి నా దగ్గరికి పట్టుకొచ్చారు.

కృత్రిమ ఎరల గురించి ఎక్కువ చెప్పను. ఫిన్లండులో లౌరి రపాలా అనే జాలరి 1936లో చెప్పులు కుట్టే కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ల మీది తగరపు కాగితం చుట్టి, ఫొటో నెగటివులు కరిగించి పైపూత పూసి చేసిన ఎర ఈ రోజు ప్రపంచమంతా ఖరీదుకు అమ్ముడవుతోంది. అది పుట్టింది చెత్తబుట్ట సామానుతోనే. మన గట్ల మీద వానపాముకూ, వేరుశనగ చెక్క కలిపిన తవుడు ముద్దకూ పడని చేపను ఆరొందల ప్లాస్టిక్ చేపపిల్లతో పట్టినవారిని నేను తక్కువగానే చూశాను. కొరమేనుకు రబ్బరు కప్ప మాత్రం దీనికి మినహాయింపు.

చివరగా, ఇక్కడికి రాగానే ఒకరు నన్ను, "మూడు వేలు ఉన్నాయి మాస్టారూ, కొడుకుకు గాలం కొనాలి, ఎలా పంచమంటారు?" అని అడిగారు. నేనైతే ఇలా పంచుతాను. రెండు సైజుల మంచి ముళ్లకు రెండు వందలు, పేరున్న నైలాన్ దారానికి నాలుగు వందలు, పిడి ఉన్న చేతి వలకు నాలుగు వందలు, కర్రకు తొమ్మిది వందలు, డ్రాగ్ మెత్తగా ఉన్న చిన్న రీలుకు పదకొండు వందలు. చేతి వల ఎందుకంటే, నీటిలో బరువు లేని ఐదు కిలోల చేప గట్టుకు ఎత్తగానే ఐదు కిలోలూ బరువవుతుంది, దాన్ని దారంతో ఎత్తబోయినప్పుడే చాలా కర్రలు విరుగుతాయి. నా బల్ల మీదికి వచ్చిన విరిగిన కర్రల్లో ఎక్కువ భాగం చేప విరిచినవి కావు, గట్టు దగ్గర మనుషులు విరుచుకున్నవి.

మీలో కొందరు రీళ్లు వెంట తెచ్చారని చూశాను. ఆ బల్ల మీద స్క్రూడ్రైవర్లు, కిరసనాయిలు గిన్నె, స్క్రూగేజీ పెట్టాను, కాటా కిటికీకి ఇంకా కట్టే ఉంది. ఒక్కొక్కరుగా రండి. విప్పేముందు ఏ మర ఏ గుంతలోదో కాగితం మీద గీసుకుందాం.